ఫ్రొమెల్ గోతుల నుంచి సమాధి రాళ్ల దాకా: 250 మంది సైనికుల పునఃఖననంపై కేస్ స్టడీ

2010 జనవరి 30న ఉత్తర ఫ్రాన్స్‌లోని ఫ్రొమెల్ గ్రామంలో మొదటి శవపేటికను మట్టిలోకి దించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో ఇక్కడ చనిపోతే జర్మన్లు సామూహిక గోతుల్లో పూడ్చిన 250 మంది ఆస్ట్రేలియా, బ్రిటిష్ సైనికుల్లో ఒకడు అందులో ఉన్నాడు; ఎవరో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. ఫిబ్రవరి ముగిసేలోపు 249 మందిని అలాగే, పేర్లు లేకుండా, ఒక్కొక్కరినీ విడివిడిగా పూడ్చారు. పేర్లు తేల్చే బ్రిటన్, ఆస్ట్రేలియాల సంయుక్త బోర్డు మొదటి నిర్ణయాలు వెలువడింది ఆ తర్వాత, మార్చిలో. వినగానే తలకిందుల పనిలా అనిపిస్తుంది: ముందు పేరు తేలాలి, తర్వాత కదా అంత్యక్రియలు? కానీ పని ఆ వరసలో నడిచేలా కావాలనే ఏర్పాటు చేశారు. పేర్లన్నీ తేలేదాకా అస్థికల్ని ఎక్కడో భద్రపరచి కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి. గోతిలో ఇచ్చిన నంబరు, డీఎన్‌ఏ కోసం తీసిన పన్ను ఉంచిన డబ్బా మీది నంబరు, పేటిక నంబరు, సమాధి వరస, ఈ నాలుగూ ఒకదానికొకటి తప్పకుండా కలిసి ఉంటే పేరు ఎప్పుడు తేలినా రాయి మారిస్తే చాలు. మళ్లీ తవ్వక్కర్లేదు. ఫ్రొమెల్‌లో జరిగిన పనంతా ఈ ఒక్క సూత్రం మీద నిలిచింది.

గోతుల్లో ఎవరుండవచ్చు

1916 జులై 19 సాయంత్రం ఆస్ట్రేలియా 5వ డివిజన్, బ్రిటిష్ 61వ డివిజన్ జర్మన్ లైను మీదికి వెళ్లాయి. మర్నాడు ఉదయానికి ఆస్ట్రేలియా వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి 5,533 మంది. బ్రిటిష్ డివిజన్ నష్టం 1,547. ఎదురుగా ఉన్నది 6వ బవేరియన్ రిజర్వ్ డివిజన్.

గుర్తింపు పని మొదలయ్యేది ప్రయోగశాలలో కాదు, యుద్ధపటం మీద. ఆ రాత్రి ఆస్ట్రేలియా 8వ, 14వ బ్రిగేడ్లు ఎడమవైపు నుంచి జర్మన్ లైను దాటి లోపలికి చొచ్చుకుపోయి, తెల్లవారేసరికి అక్కడే చిక్కుకున్నాయి. కుడివైపున 15వ బ్రిగేడ్ రెండు లైన్ల మధ్య బయలు మీదే కూలిపోయింది. బయలు మీద పడ్డవాళ్లు యుద్ధం అయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. వాళ్లలో 410 మందిని ఆ తర్వాత వీసీ కార్నర్ స్మశానంలో పూడ్చారు. ఒక్కరి పేరూ తెలియదు, అక్కడ విడి రాళ్లూ లేవు, వెనక గోడ మీద మాత్రం జాడ తెలియనివాళ్ల పేర్లు దాదాపు 1,300 చెక్కారు. జర్మన్ లైను లోపల చనిపోయినవాళ్లను జర్మన్లు తమ కందకాలు శుభ్రం చేసుకోవడానికి వెనక్కి తరలించి పూడ్చారు. అందుకే ఆ గోతుల్లో 8వ, 14వ బ్రిగేడ్లవాళ్లు, అంటే 29 నుంచి 32, 53 నుంచి 56 బెటాలియన్లవాళ్లు ఎక్కువగా ఉండాలన్నది మొదటి లెక్క. వేల పేర్ల జాబితా ఇలా వందల్లోకి దిగుతుంది. ఈ అడుగు దాటేసి నేరుగా డీఎన్‌ఏకి వెళ్తే ఖర్చు చాలా పెరుగుతుంది.

జర్మన్ రికార్డు కూడా ఉంది. 1916 జులై 21న బవేరియన్ రెజిమెంట్ కమాండర్ యూలియస్ ఫాన్ బ్రౌన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు: ఫెజంట్ వుడ్ అనే చిన్న తోపుకు దక్షిణంగా సుమారు 400 మందికి సరిపడా సామూహిక గోతులు తవ్వండి. తోపు పక్కగా సన్న పట్టాల రైలు ఉండేది. శవాలు దాని మీదే వచ్చాయి. ఆ నెలాఖరు వైమానిక ఫోటోల్లో ఎనిమిది గోతులు వరసగా కనిపిస్తాయి.

ఇంత ఉన్నా 1920ల నాటి సమాధుల బృందాలకు ఈ గోతులు దొరకలేదు. పైన గుర్తు లేదు, పొలం దున్నేశారు. మెల్‌బోర్న్‌కు చెందిన లాంబిస్ ఎంగ్లెజోస్ అనే రిటైర్డ్ టీచరు, చనిపోయినవాళ్ల లెక్కకూ సమాధుల లెక్కకూ పొంతన లేదని పట్టుకుని, రెడ్‌క్రాస్ ఫైళ్లూ వైమానిక ఫోటోలూ ముందు పెట్టి ఏళ్ల తరబడి వెంటబడ్డాకే ప్రభుత్వాలు కదిలాయి. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఒప్పుకోవాల్సిన మాట: ఇది సంస్థలు కనిపెట్టింది కాదు, బయటివాడు చూపించింది.

తవ్వకానికి ముందు

2007 మేలో గ్లాస్గో విశ్వవిద్యాలయ పురావస్తు బృందం టోనీ పొలార్డ్ నాయకత్వంలో ఆ పొలాన్ని తవ్వకుండానే సర్వే చేసింది. భూమిలోపలి తేడాలు చూసే పరికరాలతో పాటు మెటల్ డిటెక్టర్లు వాడారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఆల్బర్టన్ షైర్ అనే స్థానిక సంస్థ యుద్ధానికి వెళ్లే తన కుర్రాళ్లకు ఇచ్చిన చిన్న పతకం మట్టిలో దొరికింది. అది అక్కడికి ఆస్ట్రేలియన్ దేహంతో పాటు రావడమే సహజం. 2008 మే, జూన్‌లలో ప్రయోగాత్మకంగా తవ్వితే ఎనిమిదింట అయిదు గోతుల్లో మనుషులున్నారని తేలింది. చూసి, లెక్క రాసి, మళ్లీ మట్టి కప్పేశారు.

ఈ కప్పేయడం చాలామందికి అర్థం కాదు. ఎముక గాలి తగిలిన క్షణం నుంచి పాడవుతుంది. తడి బంకమట్టిలో 90 ఏళ్లు నిలిచినది ఎండకు రెండు రోజుల్లో పగుళ్లిస్తుంది. మార్చురీ, ఎక్స్‌రే యంత్రం, నమూనాలు తీసే మనిషి, కాపలా, ఇవన్నీ చోటు మీద సిద్ధం కాకుండా గొయ్యి తెరవకూడదు. తెరిచాక ఆగకూడదు.

2009 మేలో అసలు తవ్వకం మొదలైంది, సెప్టెంబరుకు ముగిసింది. పని ఆక్స్‌ఫర్డ్ ఆర్కియాలజీ చేసింది, పర్యవేక్షణ యుద్ధ సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్‌ది, డీఎన్‌ఏ పరీక్షలు ఎల్‌జీసీ ప్రయోగశాలవి, ఖర్చు బ్రిటన్, ఆస్ట్రేలియాలది.

గొయ్యి

ఒక్కో గొయ్యి సుమారు 10 మీటర్ల పొడవు, 2 మీటర్ల చిల్లర వెడల్పు. ఇలాంటి పనిలో పైమట్టిని పళ్లు లేని బకెట్ ఉన్న యంత్రంతో పొరలు పొరలుగా గీకుతారు. పళ్లున్న బకెట్ పెడితే మొదటి పుర్రె యంత్రానికే పోతుంది. గొయ్యి అంచు రంగు తేడాతో తెలుస్తుంది. అక్కడి నుంచి అంతా చేతిపనే. శరీరం దగ్గర ఇనుప తాపీ వాడరు. వెదురు పుల్లలు, ప్లాస్టిక్ పనిముట్లు, మెత్తని కుంచె. పైన గుడారం తప్పనిసరి. ఫ్రొమెల్ నేల బంకమట్టి, కొద్ది లోతులోనే ఊటనీరు. వాన పడితే గొయ్యి తొట్టి అవుతుంది. పంపు ఆపితే ఒక రాత్రిలో చిన్న ఎముకలు, ముఖ్యంగా చేతివేళ్లవీ కాలివేళ్లవీ, తేలి పక్కవాడి మీదికి చేరతాయి.

అదే బంకమట్టి ఇంకోవైపు మేలు చేసింది. గాలి ఆడని తడిలో బూట్ల తోలు, బెల్టులు, సంచుల ముక్కలు మిగిలాయి. దాదాపు 6,200 వస్తువులు బయటపడ్డాయి.

జర్మన్లు మొదట పూడ్చినవాళ్లను పక్కపక్కనే వరసగా పడుకోబెట్టారు, ఒక వరస మీద ఇంకో వరస. తర్వాత వచ్చినవి గందరగోళంగా ఉన్నాయి. పై శరీరం బరువుకు కింది పక్కటెముకల గూడు కుంగి, ఒకడి మోచెయ్యి ఇంకొకడి ఛాతీలో దిగబడి ఉంటుంది. ఇక్కడే పని చెడుతుంది. ఏ ఎముక ఏ మనిషిదో గోతిలో ఉండగానే తేల్చాలి, బల్ల మీదకొచ్చాక కాదు. అందుకే ప్రతి దేహానికీ తల, భుజాలు, తుంటి, మోకాళ్లు, మడమల స్థానాలను సర్వే యంత్రంతో కొలిచి, ఫోటో తీసి, నంబరు పెట్టాకే కదిలిస్తారు. ఎవరిదో తెలియని విడి ఎముకకు దానికదే నంబరు ఇవ్వాలి. "బహుశా 37వాడిది" అని 37 సంచిలో వేసే చెయ్యి, పేటిక మూసేనాటికి ఇద్దరికి అన్యాయం చేస్తుంది.

గోతిలోకి దిగేవాళ్లంతా ముఖానికి మాస్కు, చేతికి రెండు జతల తొడుగులు, ఒంటినిండా తెల్లటి దుస్తులు. అది దుమ్ము కోసం కాదు. తవ్వేవాడి ఉమ్మి తుంపర ఒక్కటి చాలు, నూరేళ్లనాటి డీఎన్‌ఏ మీద ఇవాళ్టిది కూర్చుంటుంది. కొత్తది ఎప్పుడూ పాతదాన్ని కప్పేస్తుంది. చోటు మీద పనిచేసేవాళ్లందరి డీఎన్‌ఏ ముందే తీసి ప్రయోగశాలలో ఉంచుతారు, ఫలితాల్లో తమవాళ్లది కనిపిస్తే కొట్టేయడానికి. ఇక పేలని గుండ్లు: ఆ నేలలో ఎక్కడ గునపం వేసినా తగలవచ్చు, పక్కనే నిపుణుడుండాలి.

మార్చురీ బల్ల

దేహాన్ని మట్టిముద్దతో సహా ముందు ఎక్స్‌రే తీస్తారు, కడిగాక కాదు. బూటులో నాణెం, కుళ్లిన జేబులో కత్తి, ఎముకలో తూటా ముక్క, ఇవి కడిగితే కాలవలోకి పోతాయి.

తర్వాత వయసు, ఎత్తు, గాయాలు. మెడపట్టె ఎముక రొమ్ము వైపు కొస పూర్తిగా అతుక్కోకపోతే కుర్రవాడు; ఇరవైల చివరికి అది అతుక్కుంటుంది. తొడ ఎముక పొడవు నుంచి ఎత్తు లెక్కిస్తారు, నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ. ఈ లెక్కల్ని ఎదురుగా ఉన్న కాగితంతో, సైన్యంలో చేరేప్పుడు రాసిన ఎత్తు, వయసు, మచ్చలతో, పోల్చాలి. ఇక్కడొక చిక్కు: కాగితం అబద్ధమాడుతుంది. పదిహేడేళ్లవాడు ఇరవై ఒకటని రాయించుకున్నాడు. నలభై దాటినవాడు తగ్గించుకున్నాడు. కొందరు ఇంట్లో తెలియకుండా మారుపేరుతో చేరారు. కాబట్టి ఎముకకూ కాగితానికీ వయసులో తేడా వచ్చిందని ఎవరినీ జాబితా నుంచి తీసేయకూడదు. చెయ్యి విరిగి అతుక్కున్న పాత గాయం కాగితంలో ఉండి ఎముకలో లేకపోతే మాత్రం తీసేయవచ్చు.

వస్తువుల సంగతి. ఆస్ట్రేలియా ఉదయభాను బ్యాడ్జి, ఆ దేశపటం ముద్రించిన బొత్తాలు దొరికితే దేశం తేలుతుంది, మనిషి తేలడు. చొక్కా బొత్తాల వరసలో, ఒంటిమీద ఉన్నచోటే దొరికిన బ్యాడ్జికి విలువ ఎక్కువ. జేబులో దొరికినదానికి తక్కువ, ఎందుకంటే సైనికులు బ్యాడ్జీలు మార్చుకునేవాళ్లు.

గుర్తింపు బిల్లలు ఏమయ్యాయి? 1916 జులైలో ఒక్కొక్కరికీ ఒక్కటే బిల్ల. ఒకటి దేహంతో, ఒకటి రికార్డుకు అని రెండు బిల్లల పద్ధతి వచ్చింది అదే ఏడు సెప్టెంబరులో, రెండు నెలల ఆలస్యంగా. జర్మన్లు పూడ్చేముందు బిల్లలూ జేబు పుస్తకాలూ తీసుకుని రెడ్‌క్రాస్ ద్వారా అవతలివాళ్లకు పంపారు. మర్యాదగానే చేశారు. కానీ ఆ మర్యాదే దేహాన్ని అనామకం చేసింది. మంచులో పరిస్థితి వేరు: 1984లో సియాచిన్‌లో మంచుచరియ కింద పోయిన, కుమావూన్ రెజిమెంట్ 19వ బెటాలియన్ జవాను ఒకరు 2022 ఆగస్టులో దొరికినప్పుడు బిల్ల మీది ఆర్మీ నంబరే పట్టిచ్చింది, 1968 ఫిబ్రవరి 7న రోహ్‌తాంగ్ ప్రాంతంలో 102 మందితో కూలిన వాయుసేన ఏఎన్-12 నుంచి 2024లో దొరికిన దేహాల్లో జేబుల్లోని కాగితాలు ఉపయోగపడ్డాయి. బంకమట్టిలో కాగితం అలా నిలవదు.

ఏ చుట్టం పనికొస్తాడు

ప్రతి దేహం నుంచీ పళ్లు, ఎముక ముక్కలు నమూనాగా తీశారు. చెడని దవడ పన్ను మొదటి ఎంపిక. పంటి గట్టి పైపొర (ఎనామెల్) లోపల డీఎన్‌ఏ దాక్కుంటుంది. రెండు రకాల పరీక్షలు చేశారు: తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ, తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వెళ్లే వై క్రోమోజోమ్.

ఇక్కడ కుటుంబాలు తికమకపడేది ఎక్కువ. మన మాటల్లో చెప్పుకుంటే, ఇంటిపేరు ఎటు నడుస్తుందో వై క్రోమోజోమ్ అటు నడుస్తుంది: సైనికుడి అన్నదమ్ముల కొడుకులు, పెదనాన్న, బాబాయిల మగసంతానం. మైటోకాండ్రియా అమ్మమ్మ వైపు దారి: సైనికుడి అక్కచెల్లెళ్ల పిల్లలు, ఆ పిల్లల్లో ఆడవాళ్ల పిల్లలు. మేనల్లుడు పనికొస్తాడు గానీ మేనల్లుడి కొడుకు పనికిరాడు. అన్నిటికంటే మింగుడుపడనిది: సైనికుడి సొంత కూతురు ఈ రెండు పరీక్షలకూ పనికిరాదు. ఆమె మైటోకాండ్రియా వాళ్లమ్మది, వై క్రోమోజోమ్ ఆమెకు లేదు. "నేను ఆయన కన్నకూతుర్నే" అని వచ్చే పెద్దావిడకు ఈ మాట చెప్పేవాడు నిదానంగా, కాగితం మీద వంశవృక్షం గీసి చెప్పాలి.

కనీసం ఒక్కో సైనికుడికి ఒక తల్లివైపు, ఒక తండ్రివైపు దాత ఉంటే బలం. ఒక్క మైటోకాండ్రియా కలిసిందని పేరు పెట్టకూడదు; యూరప్ మూలాలవాళ్లలో కొన్ని రకాలు చాలామందికి ఉమ్మడిగా ఉంటాయి. అన్నదమ్ములిద్దరూ గల్లంతైన ఇళ్లలో రెండు పరీక్షలూ ఇద్దరికీ ఒకటే చెబుతాయి. వయసు, ఎత్తు, పాత గాయం, బెటాలియన్ ఎక్కడ నిలబడిందన్నది కలిపి విడదీయాలి. నాలుగు తరాల వెనక ఎవరినో దత్తత తీసుకున్న సంగతి ఇంట్లోవాళ్లకే తెలియకపోతే తండ్రివైపు గొలుసు అక్కడ తెగుతుంది, ప్రయోగశాల తప్పు లేకుండానే.

బోర్డు మూడు మెట్లు పెట్టుకుంది. అన్ని సాక్ష్యాలూ ఒకరినే చూపితే పేరుతో రాయి. దేశం మాత్రమే తేలితే "ఆస్ట్రేలియా సైనికుడు" లేదా "బ్రిటిష్ సైనికుడు" అని. ఏదీ తేలకపోతే "దేవుడికే తెలిసినవాడు" అన్న అర్థం వచ్చే పాత వాక్యం మాత్రమే. 2010 మార్చిలో 75 మందికి పేర్లు వచ్చాయి, జులైకి 96, 2019 నాటికి 166. కొత్త దాత దొరికిన ప్రతిసారీ పాత డీఎన్‌ఏ వివరాలతో పోల్చడమే. గోతి ముట్టుకున్నది లేదు.

పూడ్చడం

గోతులున్న చోటు పల్లంలో, నీరు నిలిచే నేల. అందుకే గ్రామ చర్చి దగ్గర కొత్త స్మశానం కట్టారు. యాభై ఏళ్లకు పైగా కమిషన్ కట్టిన మొదటి కొత్త స్మశానం అది.

పేటికలో ఎముకల్ని శరీర క్రమంలో పేర్చాలి, తల నుంచి పాదాలకు. నంబరు పలక పేటిక లోపల ఒకటి, మూత మీద ఒకటి. మూత మీదిది మాత్రమే ఉంటే తడిసి ఊడిపోయినప్పుడు అంతా పోతుంది. మోసుకెళ్లే వరస, సమాధి వరస ముందురోజే ఇద్దరు వేర్వేరుగా సరిచూడాలి. బంకమట్టిలో ముందే తవ్విన గోతుల గోడలు రాత్రి వానకు జారిపోతాయి కాబట్టి పలకలు అడ్డం పెట్టాలి. సైనిక లాంఛనాల్లో తప్పులు దొర్లేది తుపాకుల దగ్గర కాదు, ఈ వరస దగ్గరే. బ్యూగిల్ మోగుతుండగా ఒక పేటిక పక్క గోతిలోకి వెళ్తే ఎవరూ గమనించరు. పదేళ్ల తర్వాత పేరు తేలినప్పుడు రాయి వేరొకడి మీద నిలుస్తుంది.

చివరి 250వ సైనికుణ్ణి యుద్ధం జరిగి 94 ఏళ్లు నిండిన రోజున, 2010 జులై 19న, ప్రిన్స్ చార్లెస్, ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్ క్వెంటిన్ బ్రైస్ సమక్షంలో పూడ్చారు. యుద్ధకాలపు గుర్రబ్బండి మీద ఫెజంట్ వుడ్ నుంచి పేటిక వచ్చింది.

ఇక్కడికి కొద్ది కిలోమీటర్లలోనే మనవాళ్ల లెక్క ఉంది. న్యూ షాపెల్ స్మారకం మీద జాడ తెలియని భారతీయ సైనికుల పేర్లు 4,700కు పైనే. సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్, అందులో హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన 20వ దక్కన్ హార్స్, 1914 డిసెంబరులో ఫెస్టుబెర్ట్ దగ్గర పోరాడాయి. 2016లో రిష్‌బూర్ గ్రామంలో కాలవ తవ్వుతుంటే 39వ గఢ్వాల్ రైఫిల్స్ సైనికులిద్దరు బయటపడ్డారు. "39" అన్న బ్యాడ్జీలు రెజిమెంటును చెప్పాయి, పేర్లు చెప్పలేదు. 2017 నవంబరులో లావంతీ సైనిక స్మశానంలో లాంఛనాలతో పూడ్చారు. హిందూ సైనికుడికి దహనం కదా అనే ప్రశ్న సహజం, ఆచారం ప్రకారం న్యాయం కూడా. కానీ పేరు తేలకుండా దహనం చేస్తే డీఎన్‌ఏ దారి అక్కడే మూసుకుపోతుంది. దహనమే కావాలంటే ముందు కనీసం రెండు పళ్లు, ఒక తొడ ఎముక ముక్క విడిగా సీలు వేసి, నంబరుతో దాచాలి. ఆ నమూనాను చివరికి ఏం చేయాలో, నిమజ్జనమా, తర్వాతి దహనమా, అదే కాగితం మీద ముందే రాసి సంతకాలు తీసుకోవాలి. లేకపోతే ముప్పై ఏళ్ల తర్వాత ఫ్రీజరు శుభ్రం చేసే ఉద్యోగి తీర్పు చెబుతాడు.

రాయి మార్చడం

పేరు తేలాక జరిగేది చిన్న పని. పాత రాయి తీసి, పేరు, బెటాలియన్, వయసు, రెజిమెంట్ చిహ్నంతో కొత్తది నిలబెడతారు. కింద కుటుంబం ఇచ్చే వాక్యం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దానికి ఖాళీలతో సహా 66 అక్షరాల హద్దు పెట్టారు. ఈ హద్దు ముందే చెప్పకపోతే దూరాన ఉన్న ముగ్గురు మనవలు మూడు పేరాలు పంపుతారు. రాళ్ల కింద వరస పొడవునా కాంక్రీటు దూలం ఉంటుంది కాబట్టి సమాధిని తాకకుండానే రాయిని మార్చవచ్చు.

ఆఖరి పని వీసీ కార్నర్‌లో. అక్కడి గోడ మీద జాడ తెలియనివాళ్ల జాబితాలో ఆ పేరు ఇంకా ఉంటుంది. సమాధి దొరికినవాడి పేరు ఆ గోడ మీద ఉండకూడదు. ఆ పలక తర్వాతిసారి మార్చేప్పుడు దాన్ని వదిలేసి చెక్కుతారు.